నాన్నగారి డిక్షనరీకీ పదో ఎడిషన్‌కూ నడుమ

ప్రొద్దుటూరు నుంచి బి.ఎడ్. చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగారు: "మా నాన్నగారు చదువుకునే రోజుల్లో కొన్న ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ, 1974 నాటి మూడో ఎడిషన్, మా ఇంట్లో ఉంది. కాలేజీలో 2020 నాటి పదో ఎడిషన్ కొనమంటున్నారు. ఒక ఎడిషన్ నుంచి ఇంకో ఎడిషన్‌కు కొన్ని కొత్త పదాలు చేరడం తప్ప నిజంగా మారేది ఏమైనా ఉంటుందా? పాతది ఇక పనికిరాదా?"

అమ్మా, నేను కడపలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ డిక్షనరీ రెండో ఎడిషన్‌తో నా చదువు మొదలైంది. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలామటుకు నా బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూసినవే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ఎడిషన్ల మధ్య కొత్త పదాలు చేరడమన్నది పత్రికల్లో వార్తగా వస్తుంది గనుక మనకు అదే పెద్ద మార్పుగా కనిపిస్తుంది. నా అనుభవంలో అది అన్నిటికంటే చిన్న మార్పు. అసలు మార్పు ఎప్పటినుంచో ఉన్న పదాల దగ్గర, అంటే గివ్, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్కస్ వంటి రోజువారీ మాటల దగ్గర జరుగుతుంది. ఆ మాటను ఎవరికి చెబుతున్నాం, ఆ చదివేవారికి ముందే ఏమి తెలుసని అనుకుంటున్నాం, వారు ఎక్కడ తప్పటడుగు వేస్తారు అన్న ఊహ మారిన ప్రతిసారీ అదే పదం కింద రాసిన నాలుగు పంక్తులు తిరగరాయబడతాయి.

ఈ పుస్తకం పుట్టుక తెలిస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. దీనిని తయారుచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ 1924లో ఇంగ్లీషు బోధించడానికి జపాన్ వెళ్ళిన ఉపాధ్యాయుడు. టోక్యోలో హెరాల్డ్ పామర్ అనే భాషాబోధన పండితుడి వద్ద పనిచేశాక, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరు తోటి ఉపాధ్యాయులతో కలిసి, ఇంగ్లీషు పరాయిభాషగా నేర్చుకునేవారి కోసమే ఒక నిఘంటువు కూర్చారు. అది 1942లో, యుద్ధం నడుస్తుండగా, టోక్యోలోని కైతకుష అనే ప్రచురణ సంస్థ నుంచి 'ఇడియొమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీ' అన్న పేరుతో వెలువడింది. యుద్ధం ముగిశాక 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు ఆ జపాన్ పుటలనే ఫొటో తీసి ముద్రించి లెర్నర్స్ డిక్షనరీగా ప్రకటించారు. అంటే మన చేతుల్లో తిరిగే ఈ పుస్తకం ఇంగ్లీషు పుట్టినింటివారి కోసం కూర్చినదాన్ని కుదించి తెచ్చినది కాదు. ఆసియాలో ఒక తరగతి గదిలో, విద్యార్థులు చేసే తప్పులను రోజూ కళ్ళారా చూసిన ఒక మాస్టారు రాసినది. తరువాతి ఎడిషన్లన్నీ ఆ తరగతి గదిని మళ్ళీ మళ్ళీ ఊహించుకునే ప్రయత్నాలు.

ఇక ఒక్క విషయాన్ని దగ్గరగా చూద్దాం. తెలుగులో 'నాకు పుస్తకం ఇచ్చాడు', 'నాకు పాఠం వివరించాడు' అన్న రెండు వాక్యాల నిర్మాణం ఒక్కటే. అందుకే మన పిల్లలు 'గేవ్ మీ ఎ బుక్' అన్నంత ధైర్యంగా 'ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ద లెసన్' అని కూడా అంటారు. మొదటిది ఒప్పు, రెండోది తప్పు. ఈ తేడాను డిక్షనరీ ఎలా చెప్పాలి? హార్న్‌బీ పట్టిన మార్గం, ఇంగ్లీషు క్రియలు వాక్యంలో నడిచే తీరులను ఇరవై అయిదు నమూనాలుగా విభజించి, ప్రతి క్రియ పక్కన దానికి చెల్లే నమూనాల సంఖ్యలను వేయడం. మీ నాన్నగారి మూడో ఎడిషన్‌లో గివ్ పక్కన 12 అన్న అంకె ఉంటుంది, అంటే క్రియ వెంట ముందు 'ఎవరికి', తర్వాత 'ఏమి'. ఎక్స్‌ప్లెయిన్ పక్కన 14 ఉంటుంది, అంటే ముందు 'ఏమి', తర్వాత 'టు' వంటి మాటతో 'ఎవరికి'. 12 ఉండదు. ఆ లేకపోవడమే మనకు చెప్పిన పాఠం. కానీ ఆ పాఠం వినబడాలంటే పుస్తకం ముందు భాగంలో ఉన్న నమూనాల పట్టికను ఒకసారైనా ఓపికగా చదివి ఉండాలి.

ఇప్పుడు ఇదే సంగతి ఎడిషన్లలో ఎలా నడిచిందో చూడండి. క్రియ, దాని వెంట నేరుగా కర్మ వచ్చే అతి సాధారణమైన నిర్మాణానికి మొదటి రెండు ఎడిషన్లలో ఒకటో నంబరు. 1974లో హార్న్‌బీ పట్టిక మొత్తాన్ని మళ్ళీ అమర్చేసరికి అదే నిర్మాణం ఆరో నంబరుకు వెళ్ళింది, ఒకటో నంబరు 'బీ' క్రియకు దక్కింది. రెండో ఎడిషన్ నంబర్లు కంఠస్థం చేసిన మాబోటి ఉపాధ్యాయులు ఆ మార్పుతో చాలా ఇబ్బంది పడ్డాం. హార్న్‌బీ 1978లో కన్నుమూశారు. ఆయన లేకుండా, ఎ.పి. కౌయీ సంపాదకత్వంలో 1989లో వచ్చిన నాలుగో ఎడిషన్ అంకెలను పూర్తిగా తీసివేసి అక్షరాలను తెచ్చింది. మన నిర్మాణం 'టి.ఎన్.' అయింది, అంటే సకర్మక క్రియ, వెంట నామవాచకం. 1995లో అయిదో ఎడిషన్ దానిని 'వి.ఎన్.' అని ఇంకా తేలిక చేసింది. 2010 నాటి ఎనిమిదో ఎడిషన్‌తో ఆ సంకేతాలు కూడా పోయి, 'ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ' అన్న వాక్యపు చట్రమే బొద్దు అక్షరాల్లో, దాని కింద ఒక ఉదాహరణ, ఇలా నేరుగా కనిపించడం మొదలైంది. ఇప్పటి ఎడిషన్‌లో ఆ ఎంట్రీ కింద 'ఎక్స్‌ప్లెయిన్ మీ అనకూడదు' అని విడిగా ఒక హెచ్చరిక కూడా ఉంది.

వ్యాకరణం మారలేదు. 1948లో ఏది తప్పో 2020లోనూ అదే తప్పు. మారిందల్లా, చదివేవాడు పట్టిక నేర్చుకుని వస్తాడన్న నమ్మకం. తొలి ఎడిషన్లు విద్యార్థి నుంచి శ్రద్ధను ఆశించి, బదులుగా భాష మొత్తాన్ని ఒక వ్యవస్థగా చూపించాయి. ఇప్పటివి అరనిమిషంలో సందేహం తీర్చుకుని వెళ్ళే మనిషిని దృష్టిలో పెట్టుకున్నాయి. ఈ మార్పు వల్ల లక్షలమందికి మేలు జరిగిందని ఒప్పుకుంటూనే, కాబోయే ఉపాధ్యాయులకు మాత్రం ఆ పాత పట్టిక దూరం కావడం నష్టమేనని నేను గట్టిగా అనుకుంటాను. ఎక్స్‌ప్లెయిన్ గురించి తెలిసినవారికి ఎక్స్‌ప్లెయిన్ ఒక్కటే తెలుస్తుంది. పద్నాలుగో నమూనా తెలిసినవారికి ఆ దారిన నడిచే క్రియలన్నీ తెలుస్తాయి.

రెండో పెద్ద మార్పు, ఉదాహరణ వాక్యం ఎక్కడినుంచి వస్తుంది అన్నది. హార్న్‌బీ కాలంలో అది నిఘంటుకర్త అనుభవం నుంచీ, చదువు నుంచీ, చెవి నుంచీ వచ్చేది. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో, కాలిన్స్ సంస్థ తోడ్పాటుతో వచ్చిన కోబిల్డ్ డిక్షనరీ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. పుస్తకాలనూ పత్రికలనూ సంభాషణలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక పదం నిజంగా ఎక్కడెక్కడ ఎలా వాడబడిందో వరుసలుగా తీసి చూసి, ఆ తర్వాతే అర్థం రాయడం ఆ పద్ధతి. అలా పోగుచేసిన భాషాసామగ్రినే కార్పస్ అంటారు. మన డిక్షనరీ 1995 నాటి అయిదో ఎడిషన్‌లో ఈ దారికి వచ్చింది. అప్పటికి పది కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్ సిద్ధమైంది. అందులో తొంభై శాతం రాసిన భాష, పది శాతం మాట్లాడిన భాష.

దీనివల్ల ఏం తేలిందో మన భాషతోనే చెప్పుకుందాం. తెలుగులో ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది. ఎండ కురిసిందని ఎవరూ అనరు. ఎందుకు అనరో చెప్పే సూత్రం ఏదీ లేదు, జత అలా కుదిరింది, అంతే. తన మాతృభాషలో ఇటువంటి జతలు ఎన్ని వేలున్నాయో ఏ ఒక్క మనిషికీ కూర్చుని గుర్తు చేసుకుంటే గుర్తురావు. ఎదురుగా వాక్యాలు వందలుగా వరుస కట్టినప్పుడు కంటికి కనబడతాయి. అందుకే ఈ తరం ఎడిషన్లలో 'రెయిన్' దగ్గర 'హెవీ' వస్తుందని, 'టీ' దగ్గర 'స్ట్రాంగ్' వచ్చి 'పవర్‌ఫుల్' రాదని ఉదాహరణల్లోనే తెలిసిపోతుంది. అర్థాల వరుస కూడా మారింది: ఎక్కువగా వాడే అర్థం ముందుకు వచ్చింది, పుస్తకాల్లో మాత్రమే మిగిలిన అర్థం వెనక్కు జరిగింది. మౌస్ అంటే 1974లో ఎలుకే. ఆ తర్వాతి ఎడిషన్లలో దాని పక్కన కంప్యూటర్ మౌస్ వచ్చి చేరింది. ఇటువంటివి కొత్త పదాల లెక్కలో చేరవు గానీ, పిల్లలు రోజూ తారసపడేది వీటినే.

నిర్వచనాల భాష గురించి కూడా చెప్పాలి. తెలియని మాటకు అర్థం వెతికితే అందులో తెలియని మాటలు మరో మూడు కనిపించడం మనందరికీ అనుభవమే. దీనికి మందు మన ఉపఖండంలోనే పుట్టింది. ఢాకాలో ఇంగ్లీషు బోధన మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మైకేల్ వెస్ట్, 1935లో తెచ్చిన 'న్యూ మెథడ్ ఇంగ్లీష్ డిక్షనరీ'లో అర్థాలన్నిటినీ 1,490 పదాలతోనే రాశారు. 1978లో లాంగ్‌మన్ వారు రెండు వేల పదాలతో అదే చేశారు. ఆక్స్‌ఫర్డ్ వారు చాలా ఆలస్యంగా, 1995లో సుమారు 3,500 పదాలతో, 2000లో 3,000 పదాలతో ఈ నియమంలోకి వచ్చారు. 2005 నాటి ఏడో ఎడిషన్‌లో ముందుగా నేర్చుకోవలసిన మూడు వేల పదాలకు తాళంచెవి గుర్తు వేశారు. పదో ఎడిషన్‌లో ఆ జాబితాను అయిదు వేలకు పెంచి, ఏ పదం ఏ స్థాయిలో నేర్చుకోవాలో యూరోపియన్ ప్రమాణాల ప్రకారం ఎ1, ఎ2, బి1 అంటూ పక్కనే చూపించారు. పాఠం తయారుచేసుకునే మీకు ఈ ఒక్క సదుపాయం చాలు, కొత్త ఎడిషన్ ఖర్చు గిట్టుబాటు అవుతుంది.

ఇక కొత్త పదాలు. పదో ఎడిషన్‌లో వెయ్యికి పైగా కొత్త పదాలు చేరాయని, వాటిలో 26 భారతీయ ఇంగ్లీషు మాటలని, వాటితో మన మాటల సంఖ్య 384కు చేరిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆధార్, హర్తాళ్, షాదీ పేర్లు శీర్షికల్లోకి వెళ్ళాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచినవి బస్ స్టాండ్, ట్యూబ్ లైట్, నాన్‌వెజ్, డీమ్డ్ యూనివర్సిటీ వంటివి. ఇవన్నీ మనం ఇంగ్లీషే అనుకుని నిత్యం వాడుతూ, మనకు మాత్రమే సొంతమని తెలియని మాటలు. ఆ 26లో 22 అచ్చు పుస్తకంలో చేరితే, నాలుగు ఆన్‌లైన్‌లో మాత్రమే చేరాయి. ఆ నాలుగింటిలో ఒకటి విద్యుత్తు అన్న అర్థంలో 'కరెంట్'.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. పరీక్ష పేపర్లు దిద్దుతూ 'దేర్ వాజ్ నో కరెంట్ ఇన్ అవర్ విలేజ్' అన్న వాక్యం కింద నేను ఎన్ని వందలసార్లు ఎర్రగీత గీశానో లెక్క లేదు. కరెంటు లేని ఊరి నుంచి వచ్చిన పిల్లవాడు తన ఇంట్లో, వీధిలో, బావి మోటారు దగ్గర విన్న మాటే రాశాడు. ఆ వాక్యం అర్థం కాని పాఠకుడు మన దేశంలో లేడు. ఇప్పుడు డిక్షనరీ దానికి చోటిచ్చి, పక్కన 'ఇండియన్ ఇంగ్లీష్' అన్న గుర్తు వేసింది. ఆ గుర్తును జాగ్రత్తగా చదవాలి. అది అనుమతిపత్రం కాదు, తప్పు అన్న ముద్రా కాదు. ఈ మాట ఇక్కడ చెల్లుతుంది, లండన్‌కు ఉత్తరం రాసేటప్పుడు వేరే మాట వెతుక్కో అన్న సమాచారం. నేను అప్పట్లో చేయవలసిన పని కూడా అదే. గీత గీయకుండా పక్కన ఆ సంగతి రాసి ఉండవలసింది. ఆ పిల్లలకు అన్యాయం చేశానన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

ఏ మాటను లోపలికి రానివ్వాలి, ఏ గుర్తుతో రానివ్వాలి అన్న ఈ చింత మా ఊరికి కొత్తది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో ఉద్యోగం చేస్తూ పండితులను కూర్చోబెట్టి తెలుగు తాళపత్రాలను పరిష్కరింపజేసిన చోటనే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. కచేరీల్లో, బజారులో వాడుకలో ఉన్న పారశీకం, హిందుస్తానీ వంటి అన్యదేశ్యాలను మాత్రం ఆయన 1854లో మిశ్రభాషా నిఘంటువు అని విడిగా కూర్చారు. వాటిని పారవేయలేదు, విడి అరలో పెట్టారు. బ్రౌన్ తదనంతరం 1903లో వెంకటరత్నం, క్యాంబెల్, వీరేశలింగం గారలు పరిష్కరించిన రెండో కూర్పు వచ్చింది. మనలో చాలామంది బ్రౌన్ నిఘంటువు అంటూ తిప్పేది నిజానికి ఆ 1903 కూర్పునే. మీకు వీలైతే ఏదైనా గ్రంథాలయంలో ఆ రెండు కూర్పుల్లో ఒకే పదాన్ని పక్కపక్కన తీసి చూడండి. ఎడిషన్ అంటే ఏమిటో నేను రాసే పది పేజీలకంటే అది బాగా చెబుతుంది.

పోయే పదాల గురించి ఎవరూ పెద్దగా అడగరు గానీ, అచ్చు పుస్తకానికి బరువు పరిమితి ఉంది, కొన్ని పోకుండా కొన్ని రావు. 2007లో ఆక్స్‌ఫర్డ్ వారే పిల్లల కోసం వేసిన జూనియర్ డిక్షనరీ నుంచి ఏకార్న్, బటర్‌కప్, కింగ్‌ఫిషర్ వంటి చెట్టూ పువ్వూ పిట్టల పేర్లు తొలగి బ్రాడ్‌బ్యాండ్, బ్లాగ్ వంటివి వచ్చినందుకు ఆ తర్వాత 2015లో పలువురు రచయితలు బహిరంగంగా నిరసన తెలిపారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. పాలపిట్ట అన్న మాట మన పిల్లల పుస్తకంలోంచి పోతే మనమూ ఊరుకోం.

ఎడిషన్ల మధ్య విరామం కూడా గమనించదగినది. 1948, 1963, 1974, 1989: ఒక్కొక్క దానికి పది పదిహేనేళ్ళు. 1995 తర్వాత సరిగ్గా అయిదేళ్ళకొకటి. భాష ఒక్కసారిగా వేగం అందుకుందని దీనికి అర్థం కాదు. లాంగ్‌మన్, కోబిల్డ్, కేంబ్రిడ్జ్, ఆ తర్వాత మాక్‌మిలన్ పోటీకి రావడం, కంప్యూటర్ వల్ల తిరగరాయడం తేలిక కావడం, ఈ రెండే ప్రధాన కారణాలని నా అభిప్రాయం. అందుచేత తొమ్మిదో ఎడిషన్ చేతిలో ఉన్నవారు పదోది కొనకపోయినా కొంప మునగదు. మూడోది ఉన్న మీకు మాత్రం మధ్యలో కార్పస్ అన్న పెద్ద గండి ఉంది.

ఆన్‌లైన్ డిక్షనరీ ఉండగా పుస్తకం ఎందుకని కూడా మీరు అడగవచ్చు. వెబ్‌సైట్‌లో ఉచ్చారణ వినబడుతుంది, చోటుకు కొరత లేదు, తాజాగా ఉంటుంది. రోజువారీ అవసరానికి తప్పక వాడండి. అయితే అక్కడ ఒక నిర్వచనం మారితే పాతది కనబడదు. మాక్‌మిలన్ వారు 2012లో అచ్చు పుస్తకం ఆపేసి పూర్తిగా వెబ్‌సైట్‌కు మారారు, 2023లో ఆ వెబ్‌సైట్‌ను కూడా మూసేశారు. మీ నాన్నగారి పుస్తకంలో మాత్రం 1974లో ఆ మాటను ఎలా అర్థం చేసుకున్నారో అలాగే ఉంది. దానిని తూకానికి వేయవద్దు.

కొనేముందు ఒక జాగ్రత్త. టైటిల్ పేజీ వెనుక ముద్రణ వివరాల్లో ఎడిషన్ వేరు, ఇంప్రెషన్ వేరు. ఇంప్రెషన్ అంటే అదే పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయడం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో తక్కువ ధరకు వచ్చిన ఇ.ఎల్.బి.ఎస్. ప్రతులు మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటి మీద ఎనభైల నాటి సంవత్సరం కనిపించినా లోపల ఉన్నది 1974 నాటి పాఠమే కావచ్చు. కొత్త పుస్తకాల్లో ఆ పేజీలో పది నుంచి ఒకటి వరకు అంకెల వరుస ఉంటే, అందులో మిగిలి ఉన్న అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది, ఎన్నో ఎడిషన్ అన్నది కాదు. పాత పుస్తకాల దుకాణంలో 2018లో అచ్చయిందని చెప్పి ఎనిమిదో ఎడిషన్ చేతిలో పెట్టడం నేను చూశాను.

పదోది కొన్నాక ఒక వారం రెండు పుస్తకాలూ తెరిచి పెట్టుకోండి. డిస్కస్‌తో మొదలుపెట్టండి. మన పిల్లలు తప్పకుండా 'డిస్కస్ అబౌట్' అంటారు. మూడో ఎడిషన్‌లో దాని పక్కన ఉన్న అంకెను చూసి ముందున్న పట్టికలో ఆ నమూనా ఏమిటో చదవండి. తర్వాత పదో ఎడిషన్‌లో అదే పదం కింద 'అబౌట్' వాడకూడదని రాసిన గమనిక చూడండి. అలాగే సజెస్ట్, ఎక్స్‌ప్లెయిన్, రిక్వెస్ట్, ఆర్డర్. మూడో ఎడిషన్‌లో నమూనాల పట్టిక ఉన్న పేజీలు చిరిగిపోయి ఉంటే మాత్రం చెప్పండి, నా ప్రతిలోంచి జిరాక్స్ తీయించి పంపిస్తాను.